పారిస్‌లో ఏడు రోజులు: నావిగో పాస్ ఎవరికి లాభం?

తెలుగులో వారం అంటే ఏడు రోజుల గడువూ కావచ్చు, సోమవారమో శుక్రవారమో అయిన ఒక్క రోజూ కావచ్చు. పారిస్ వెళ్లేవారు, అక్కడి మెట్రో, బస్సులు, రైళ్లలో తిరగడానికి పనికొచ్చే నావిగో వారం పాస్ కొనాలా వద్దా అన్నది ఈ రెండో అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎందుకంటే ఈ పాస్‌కు కొన్న రోజు నుంచి ఏడు రోజులు లెక్కించరు. ఎప్పుడు కొన్నా అది సోమవారం మొదలై ఆదివారం అర్ధరాత్రితో ముగుస్తుంది. 2025లో మేము సోమవారం ఉదయం దిగి, ఆదివారం సాయంత్రం తిరుగు విమానం ఎక్కాము కాబట్టి మాకు అంతకు మించిన బేరం దొరకలేదనే చెప్పాలి.

ఆ ఏడాది పాస్ ధర 31.60 యూరోలు, కార్డుకు మరో 5 యూరోలు, మొత్తం 36.60. అప్పట్లో విడిగా కొంటే విమానాశ్రయం టికెట్టే ఒక్కోసారికి 13 యూరోలు, నగరంలో మెట్రో టికెట్ 2.50. రానూపోనూ విమానాశ్రయానికే 26 యూరోలు పోతాయి గనుక, ఆ పైన అయిదోసారి మెట్రో ఎక్కేసరికి పాస్ ఖర్చు తీరిపోతుంది. పారిస్‌లో అయిదుసార్లు మెట్రో ఎక్కడానికి ఒక్క రోజు చాలు. వెర్సాయ్ కోటకు, డిస్నీలాండ్‌కు వెళ్లే రైళ్లు, మోంమార్త్ కొండ ఎక్కించే ఫ్యూనిక్యులర్ (తాడుతో లాగే రైలు) కూడా ఇందులోనే వస్తాయి. విడి టికెట్లతో బస్సు దిగి మెట్రో ఎక్కితే మళ్లీ కొత్త టికెట్ కావాలి. పాస్ ఉండటంతో కాళ్లు లాగినప్పుడల్లా రెండు స్టాపుల దూరానికి కూడా లెక్క చూసుకోకుండా బస్సెక్కేశాము. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

వారం మధ్యలో దిగేవారికి మాత్రం ఈ లెక్క మారిపోతుంది. నడుస్తున్న వారానికి పాస్‌ను గురువారం వరకే అమ్ముతారు. శుక్రవారం నుంచి వచ్చే సోమవారానికి చెల్లే పాస్ మాత్రమే ఇస్తారు. గురువారం దిగి బుధవారం వెళ్లేవారికి మొదటి నాలుగు రోజులకు పాస్ కొనడం నిస్సందేహంగా మేలు. తరువాతి సోమవారానికి రెండో పాస్ కొనాలా అన్నదే ప్రశ్న. 2025 ధరల్లో రెండో పాస్ 31.60 నుంచి తిరుగు ప్రయాణపు 13 యూరోలు తీసేస్తే మిగిలే 18.60 యూరోలకు ఏడు మెట్రో టికెట్లు వస్తాయి. మూడు రోజుల్లో ఎనిమిదోసారి మెట్రో ఎక్కే మాటైతే రెండో పాసే చవక. శుక్రవారం దిగిన మా బంధువులు ఈ నియమం చూసుకోక, అప్పటికప్పుడు పాస్ దొరుకుతుందనుకుని వరుసలో నిలబడ్డారు. అలాంటివారు వచ్చేటప్పుడు విడిగా విమానాశ్రయం టికెట్ కొని, శని ఆదివారాలను విడి టికెట్లతోనో, రోజు పాస్‌తోనో (2025లో 12 యూరోలు) గడిపి, సోమవారం నుంచి వారం పాస్ వాడుకోవాలి. రోజు పాస్ విమానాశ్రయానికి చెల్లదని మరువకూడదు. విడి టికెట్లను నావిగో ఈజీ కార్డులో (2025లో 2 యూరోలు) వేసుకోవచ్చు.

వారం పాస్ వేసుకునే నావిగో డెకూవెర్ట్ కార్డు మీద పేరు రాసి, ఫోటో అంటించాలి; అవి లేకుండా తనిఖీలో దొరికితే జరిమానా తప్పదు. మన ఆర్టీసీ పాస్‌లు తీసుకున్నవారికి ఈ తంతు కొత్తేమీ కాదు గానీ, ఫోటో కొలత వేరు: 25 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల ఎత్తు. మన పాస్‌పోర్ట్ సైజు ఫోటో అందులో పట్టదు కాబట్టి ఇంటి దగ్గరే కత్తిరించి పట్టుకెళ్లడం మంచిది. ఫోన్‌లోనే పాస్ వేసుకునేవారికి కార్డు ఖర్చు, ఫోటో బెడద రెండూ ఉండవు.

పర్యాటకుల కోసమంటూ అమ్మే పారిస్ విజిట్ పాస్‌ను ఏ రోజు నుంచైనా మొదలుపెట్టవచ్చు, విమానాశ్రయాలకూ చెల్లుతుంది. అయితే అయిదు రోజుల పాస్ ధరే నావిగో వారం పాస్‌కు రెట్టింపు దాటుతుంది. కొన్ని ప్రవేశ రుసుముల్లో ఇచ్చే రాయితీల కోసం అంత పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు. శుక్రవారం దిగేవారికి కూడా దీన్ని కొనమని చెప్పను.