స్పార్స్ సమీక్ష: డ్రైవర్ కోడ్ మీద ఏళ్ల తరబడి నడిపాక

లినక్స్ డ్రైవర్లకు స్పార్స్ పనికొస్తుందా అంటే, టైపుల తప్పులు పట్టడంలో పదికి పది, లాకుల (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి తాకకుండా ఆపే తాళాలు) దగ్గర పదికి నాలుగు. సీ భాషలో రాసిన కెర్నెల్ కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపించే చెకర్ ఇది, 2003లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. చిన్నదే, వేగంగానే నడుస్తుంది.

ముందు ఇన్‌స్టాల్ సంగతి. డిస్ట్రో ఇచ్చే ప్యాకేజీ పాతదైతే కొత్త కెర్నెల్ హెడర్ల దగ్గరే తడబడి, మీ ఫైలుతో సంబంధం లేని ఎర్రర్లు కురిపిస్తుంది. గిట్ నుంచి తెచ్చి మేక్, మేక్ ఇన్‌స్టాల్ కొడితే మీ హోమ్‌లోని బిన్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. అది పాత్‌లో (షెల్ ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉందో లేదో చూసుకోండి.

నడిపేటప్పుడు మేక్ కమాండ్‌కి సీ=1 ఇస్తే ఆ బిల్డ్‌లో మళ్లీ కంపైలయ్యే ఫైళ్లనే చూస్తుంది. మాడ్యూల్ అంతకుముందే బిల్డయి ఉంటే ఒక్క వార్నింగూ రాదు, కోడ్ శుభ్రంగా ఉందని మోసపోతాం. సీ=2 ఇవ్వండి, ఎం= తో మీ డైరెక్టరీకే పరిమితం చేయండి. ఇంకో చిక్కు, ఫైలుకి వంద వార్నింగులు దాటితే మిగతావి చూపించదు. సీఎఫ్‌లో (స్పార్స్‌కి ఆప్షన్లు పంపే మేక్ వేరియబుల్) మ్యాక్స్ వార్నింగ్స్‌ని అన్‌లిమిటెడ్ చేయాలి.

ఎక్కువగా కనిపించే వార్నింగ్ 'డిఫరెంట్ అడ్రస్ స్పేసెస్', అంటే ఒక రకం మెమరీ పాయింటర్‌ని ఇంకో రకంగా వాడుతున్నారని. డివైస్ స్ట్రక్ట్‌లో బేస్‌ని మామూలు వాయిడ్ పాయింటర్‌గా రాసి ఐఓరీమ్యాప్ (డివైస్ రిజిస్టర్లకు అడ్రస్ ఇచ్చే ఫంక్షన్) ఫలితాన్ని అందులో పెడితే, ఆ రిజిస్టర్లను చదివే రీడ్‌ఎల్, రాసే రైట్‌ఎల్ పిలిచిన ప్రతిచోటా మొత్తుకుంటుంది. ఒక్కో చోట క్యాస్ట్ వేసుకుంటూ పోకండి. స్ట్రక్ట్‌లో ఆ ఒక్క లైనుకి ఐఓమెమ్ (ఇది డివైస్ మెమరీ అని చెప్పే గుర్తు) తగిలిస్తే నలభై వార్నింగులున్నా ఒకేసారి పోతాయి. అదే వార్నింగ్ యూజర్ పాయింటర్ (మామూలు ప్రోగ్రాము కెర్నెల్‌కి ఇచ్చిన అడ్రస్) మీద వస్తే మాత్రం ఆగి చూడాలి. ఐఓసీటీఎల్‌లో (ప్రోగ్రాములు డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే కాల్) కాపీ_ఫ్రమ్_యూజర్ లేకుండా నేరుగా చదివేస్తున్నారేమో, అది సెక్యూరిటీ లోపం.

స్పార్స్ అసలు విలువ ఎండియన్ (మెమరీలో బైట్లు ఉండే వరస) దగ్గర తెలుస్తుంది. 'క్యాస్ట్ టు రిస్ట్రిక్టెడ్ ఎల్‌ఈ32' అని వచ్చిందంటే చాలాసార్లు కారణం ఒకటే: రీడ్‌ఎల్ తెచ్చిన విలువని మళ్లీ ఎల్‌ఈ32_టు_సీపీయూలో (లిటిల్ ఎండియన్ విలువని సీపీయూ వరసలోకి మార్చేది) చుట్టడం. రీడ్‌ఎల్ ఆ మార్పిడి తానే చేసేస్తుంది. ఎక్స్86 మీద రెండూ బైట్లను కదపవు కాబట్టి డ్రైవర్ హాయిగా నడుస్తుంది. బిగ్ ఎండియన్ పవర్‌పీసీ మీద బైట్లు రెండుసార్లు తిరగబడి విలువ తలకిందులవుతుంది. ఆ మెషిన్ చేతిలో లేకుండానే ఈ తప్పు దొరకడం చిన్న విషయం కాదు. డీఎంఏ డిస్క్రిప్టర్ (డివైస్ నేరుగా చదివి రాసే మెమరీలోని స్ట్రక్ట్) దగ్గర దీనికి ఉల్టా. అది మెమరీలో ఉంటుంది, మార్పిడి మనమే చేయాలి. ఫీల్డుల్ని యూ32 అని కాకుండా ఎల్‌ఈ32 అని ప్రకటించండి. అప్పుడు స్టేటస్ బిట్ చెక్ దగ్గర 'డిగ్రేడ్స్ టు ఇంటీజర్' అంటుంది. స్టేటస్‌ని ఎల్‌ఈ32_టు_సీపీయూతో మార్చి ఆ తర్వాత బిట్ చూడండి, అంతే. ఫోర్స్ (ఈ క్యాస్ట్‌కి వార్నింగ్ వద్దని చెప్పే గుర్తు) పెట్టి నోరు మూయించారంటే బగ్‌ని దాచినట్టే. రివ్యూలో ఫోర్స్ కనిపిస్తే పక్కనే కారణం రాసి ఉందా అని అడగాల్సిందే.

'షుడ్ ఇట్ బీ స్టాటిక్' (ఈ ఫంక్షన్ ఈ ఫైలుకే పరిమితమా అన్న ప్రశ్న) వార్నింగ్‌కి కళ్లు మూసుకుని స్టాటిక్ పెట్టకండి. ఆ ఫంక్షన్ని వేరే ఫైలు వాడుతుంటే లింక్ ఆగిపోతుంది. అప్పుడు కావాల్సింది దాని హెడర్‌ని ఈ ఫైల్లో కూడా ఇన్‌క్లూడ్ చేయడం.

ఇక 'కాంటెక్స్ట్ ఇంబ్యాలెన్స్', అంటే లాక్ తీసుకోవడం, వదలడం లెక్క కుదరలేదని. ఎర్రర్ దారిలో స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ వేచి ఉండే లాక్) వదలడం మరిచిపోతే పట్టేస్తుంది, అంతవరకు మంచిదే. కానీ షరతు మీద లాక్ తీసుకునే ఫంక్షన్ కనిపిస్తే అది తప్పు కాకపోయినా గోల పెడుతుంది. లాక్ తీసుకుని పట్టుకునే తిరిగొచ్చే ఫంక్షన్‌కి అక్వైర్స్ గుర్తు పెడితే సరి. షరతులున్నదాన్ని రెండు ఫంక్షన్లుగా విడగొట్టడమే మేలు. మ్యూటెక్సులను (నిద్రపోయి వేచి ఉండే లాకులు) అసలు పట్టించుకోదు.

ఇలాంటి లోట్లకి స్మ్యాచ్ అనే ఇంకో చెకర్ ఉంది. పీ=కెర్నెల్ ఆప్షన్ మరిస్తే కెర్నెల్ ఫంక్షన్ల సంగతి దానికి తెలియదు. ఫంక్షన్ల మధ్య డేటాబేస్ కట్టడానికి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. నల్ చెక్ కన్నా ముందే పాయింటర్ వాడేసిన చోట్లు, ఎర్రర్ కోడ్ పెట్టకుండా సున్నాతో తిరిగొచ్చే ప్రోబ్ ఫంక్షన్లు (డివైస్ దొరికినప్పుడు డ్రైవర్‌ని సిద్ధం చేసేవి) స్మ్యాచ్ చూపించినట్టు స్పార్స్ చూపించదు.