రంగు డై లేకుండా బతికున్న కణాలను చూడటం: మైక్రోఎలక్ట్రోడ్ చిప్‌తో నా అనుభవం

బెంగళూరులోని మా ల్యాబ్‌లో ఈ మైక్రోఎలక్ట్రోడ్ అరే సిస్టమ్‌ను (కణాలు వదిలే రసాయనాలను కరెంటుగా కొలిచే, సన్నటి ఎలక్ట్రోడ్లు వరుసలుగా పేర్చిన చిప్) పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచీ వాడుతున్నాను. కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: మీరు చూడాల్సింది విడి కణాన్నా, కణాల ముద్దనా?

మా చిప్‌లో 400 ఎలక్ట్రోడ్లు, వరుసకు 20 చొప్పున. వాటి మధ్య దూరం 250 మైక్రాన్లు. మేం పెంచే పీసీ12 కణం (ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి వచ్చిన రకం) పది మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. విడిగా వేస్తే చాలా కణాలు ఖాళీలోనే పడతాయి. వాటినే గుండ్రటి ముద్దలుగా పెంచి పెడితే మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. పొటాషియం ఎక్కువున్న ద్రావణం పోయగానే కణాలు డోపమైన్ (నాడీకణాలు సంకేతాలకు వాడే రసాయనం) వదులుతాయి. ఎలక్ట్రోడ్‌ను 0.6, 0.7 వోల్టుల దగ్గర ఉంచితే ఆ డోపమైన్ ఆక్సీకరణ చెంది ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆ కరెంటే తెర మీద రంగుగా కనిపిస్తుంది. ఫ్లోరసెంట్ డై అక్కర్లేదు, కణాన్ని చంపక్కర్లేదు. మందు ఇచ్చి అదే ముద్దను మళ్లీ చూడొచ్చు. నాకిది ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

సాఫ్ట్‌వేర్ మీద మాత్రం గట్టి అభ్యంతరం ఉంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కొలత ఏదీ లేకపోయినా అక్కడ రంగును తనే నింపేస్తుంది. "అక్కా, డోపమైన్ ఇటువైపు పాకుతోంది చూడు" అని మా జూనియర్, అనంతపురం అమ్మాయి, సంబరంగా పిలిచింది. సాఫ్ట్‌వేర్ నింపిన ఆ రంగు తీసేసి చూపిస్తే మిగిలింది నిజంగా కొలిచిన నాలుగు గళ్లే. కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట నేర్పేది ఆ ఆప్షన్ ఆపేయడమే.

అంతకన్నా పెద్ద టెన్షన్ ఎలక్ట్రోడ్ మురికి. డోపమైన్ ఆక్సీకరణలో పుట్టే పదార్థం ప్లాటినం మీద పొరలా అంటుకుంటుంది, సీరం ప్రోటీన్లు కూడా అంతే. కరెంటు క్రమంగా పడిపోతుంటే, మందు వల్లే కణాలు డోపమైన్ తగ్గించాయని నమ్మేస్తాం. అందుకే ప్రయోగానికి ముందూ తర్వాతా తెలిసిన గాఢత డోపమైన్‌తో చిప్‌ను సరిచూడాల్సిందే. మాన్యువల్‌లో దీనికి ఒక్క పేరానే ఇచ్చారు, అది చాలదు. మీడియంలోని (కణాలను పెంచే పోషక ద్రవం) ఆస్కార్బిక్ ఆమ్లం కూడా ఇదే వోల్టేజ్‌లో కరెంటు ఇస్తుంది కాబట్టి, కొలిచే ముందు కణాలను బఫర్ ఉప్పునీటితో కడగాలి.

కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద కొలతలో కలవకుండా ఫారడే కేజ్ (చుట్టూ పెట్టే లోహపు పెట్టె) తప్పనిసరి.

ఒక్కో వెసికిల్ (కణంలో డోపమైన్ దాచుకునే చిన్న సంచి) విడుదలను చూడాలనుకుంటే కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడే మేలు, ఈ చిప్‌కు డబ్బు పెట్టకండి. ముద్దలు, కణజాలం ముక్కల మీద పనిచేసేవాళ్లైతే తప్పక తీసుకోండి. అదనపు చిప్‌ల ఖర్చును మాత్రం మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి.