టైటాన్స్‌కు ఏది మేలు: కోట్ల రెయిడరా, గట్టి కార్నరా?

వచ్చే ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ మళ్లీ రెండు కోట్లు పోసి పేరున్న రెయిడర్‌ను, అంటే కూతకు వెళ్లే ఆటగాణ్ని, తెచ్చుకోవాలా? ఉన్న రెయిడర్లను నిలబెట్టుకుని డబ్బును అవతలి రెయిడర్లను పట్టే డిఫెన్స్‌లో పెట్టాలా? మహారాష్ట్రలోని మా నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు ఇళ్లలో ఈ చర్చ వస్తే పుణేరి పల్టన్ పేరు రాకుండా ఉండదు. మాకు రెండు జట్లూ సొంతమే. మా భాష జట్టు అది, మా రాష్ట్రం జట్టు ఇది. మరాఠీ బళ్లో చదువుకున్న పిల్లలు కూడా ఇంట్లో టైటాన్స్ మ్యాచ్ తెలుగు కామెంటరీతోనే చూస్తారు. రెండు జట్లనూ ఇంత దగ్గరగా చూస్తున్నాం కాబట్టి పోల్చి చెప్పే హక్కు మాకుందని నా నమ్మకం.

ముందు కోట్ల రెయిడర్ సంగతి. టైటాన్స్‌కు ఇది పాత అలవాటు. 2019లో కొల్హాపూర్ కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత ధర రాలేదు. పవన్ ఆడలేదా అంటే, బాగా ఆడాడు. పదో సీజన్‌లో రెండు వందలకు పైగా రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. అంతకుముందు ఎనిమిదో సీజన్‌లో ఒకటి, తొమ్మిదో సీజన్‌లో రెండు. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచుల్లో ఐదు గెలుపులు. ఆ మూడేళ్లూ టీవీ ముందు కూర్చున్నవాళ్లకే తెలుసు ఆ బాధ.

ఇలా ఎందుకైందో చూడాలి. అప్పుడు వేలంలో జట్టు మొత్తానికి ఉన్న డబ్బు ఐదు కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోతే మిగతావాళ్లను చిల్లరతో కొనాలి. ఇక ఆటలోకి వస్తే, కూతకు వెళ్లిన స్టార్ పట్టుబడితే బయట కూర్చుంటాడు. అతను మళ్లీ లోపలికి రావాలంటే మనవాళ్లు అవతలి వాళ్లను అవుట్ చేయాలి. రెండో రెయిడర్ బలహీనంగా ఉండి, రెండు చివర్లలో నిలబడి పట్టే కార్నర్లు పట్టు జార్చేవాళ్లయితే కోట్ల ఆటగాడు అలా బెంచీ మీద నిమిషాల తరబడి కూర్చోవాల్సిందే. ఆలోపు ఆలౌట్ అయిపోతుంది. పవన్‌ను బయట కూర్చున్నప్పుడు చూసి ఎంతమంది తిట్టుకున్నారో! తప్పు అతనిది కాదు, అతని చుట్టూ కట్టిన జట్టుది.

పుణే దారి వేరు. పంకజ్ మోహితే ఏడో సీజన్‌లో, అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ ఎనిమిదో సీజన్‌లో కుర్రాళ్లుగా వచ్చారు. ఓడినా వాళ్లను వదలలేదు. వాళ్లు రాటుదేలాకే పదో సీజన్‌లో 2.35 కోట్లకు ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయిని తెచ్చారు. అంటే పుణే కూడా పెద్ద డబ్బు పెట్టింది, కాకపోతే ముందు రెయిడింగ్ సిద్ధం చేసుకుని, ఆ తర్వాత లెఫ్ట్ కార్నర్ మీద పెట్టింది. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి కప్పు కొట్టింది. మరుసటి సీజన్‌లో షాద్లూయిని 2.07 కోట్లకు హర్యానా కొంది, ఆ సీజన్ కప్పు హర్యానాకు పోయింది. అస్లాం గాయపడిన ఆ సీజన్‌లో పుణే ప్లేఆఫ్స్‌కే రాలేదు. కాబట్టి ఈ దారిలోనూ టెన్షన్ లేకపోలేదు.

అలాగని షాద్లూయిని కొంటే చాలు కప్పు వస్తుందనుకోవడమూ పొరపాటే. పన్నెండో సీజన్‌కు గుజరాత్ 2.23 కోట్లు పెట్టి అతన్ని తీసుకుంది. బెంగాల్ 2.205 కోట్లకు రెయిడర్ దేవాంక్ దలాల్‌ను కొంది. ఆ రెండు జట్లూ ప్లేఆఫ్స్‌కు రాలేదు. అదే సీజన్‌లో టైటాన్స్ పవన్‌ను వదిలేసి, 81 లక్షలకు రెయిడర్ భరత్ హుడాను తెచ్చి, విజయ్ మలిక్‌ను కెప్టెన్‌ను చేసింది. మొదటి మ్యాచ్‌లోనే విశాఖలో పవన్ ఉన్న తమిళ్ తలైవాస్ చేతిలో 38-35తో ఓడినప్పుడు చాలామంది నిట్టూర్చారు. కానీ ఆ జట్టే రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. అక్కడ ఎదురైంది ఎవరు? మా పుణేనే. 50-45తో పోయింది.

నలభై ఐదు పాయింట్లు చేసి ఓడిన జట్టుకు ఇంకో రెయిడర్ ఎందుకు? యాభై ఇచ్చిన డిఫెన్స్ సంగతి చూడాలి. ఆ రోజు పుణే రెయిడర్ ఆదిత్య షిండే కూతకు వస్తే మన కార్నర్లు చాలాసార్లు తడబడ్డాయి. నా తీర్పు అందుకే సూటిగా ఉంది: టైటాన్స్‌కు గట్టి కార్నరే మేలు, కోట్ల రెయిడర్ వద్దు.

ఇక జరగబోయేది ఏమిటో నా అంచనా చెప్తాను. భరత్‌ను టైటాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ వదలదు. వదిలితే నాలుగైదు జట్లు ఎగబడతాయి, ధర కోటి దాటుతుంది. విజయ్‌ను కూడా ఉంచుకుంటుంది. షాద్లూయి వేలంలోకి వస్తే టైటాన్స్ చేయి ఎత్తుతుంది గానీ కోటిన్నర దాటాక దించేస్తుంది, దించేయాలి కూడా. ఆ డబ్బుతో ఒక అనుభవమున్న లెఫ్ట్ కార్నర్, ఒక మంచి కవర్ డిఫెండర్ వస్తారు. పుణే అస్లాం, పంకజ్, ఆదిత్యలను పట్టుకుని, కోటి దాటి కొన్న సచిన్ తన్వర్‌ను వదిలేస్తుందని అనుకుంటున్నా.

ఈ రెండూ ఇలాగే జరిగితే వచ్చే సీజన్ ప్లేఆఫ్స్‌లో పుణే, టైటాన్స్ మళ్లీ ఎదురుపడతాయి. ఆ మ్యాచ్‌లో నేను టైటాన్స్ వైపే, మూడు నాలుగు పాయింట్లతో గెలుస్తుంది.