బోరు నీటికి జేబు టీడీఎస్ మీటరు: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పెన్ను పరిమాణంలో ఉండే ఈ మీటరు చేసే పని ఒక్కటే. కొన దగ్గరున్న రెండు లోహపు కడ్డీల మధ్య విద్యుత్తు ఎంత తేలికగా ప్రవహిస్తోందో కొలిచి, ఆ విలువను సాధారణంగా 0.5 నుంచి 0.7 మధ్య ఉండే గుణకంతో హెచ్చవేసి, లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయని అంచనాగా చూపుతుంది; టీడీఎస్ అంటే ఈ కరిగిన లవణాల మొత్తమే. ఆ ఒక్క పనికీ ఇది నమ్మదగినదే. గీత వరకు ముంచి, గాలి బుడగలు పోయేలా ఒకసారి కదిపితే కొద్ది క్షణాల్లో అంకె నిలకడకు వస్తుంది. కడ్డీల మీద తెల్లని సున్నపు పొర పేరుకుంటే మాత్రం కొలత తప్పుతుంది.

నా అభ్యంతరమంతా పెట్టె మీద అచ్చువేసిన రంగుల పట్టికతోనే. అంకె తక్కువైతే నీరు ఆరోగ్యకరం, ఎక్కువైతే ప్రమాదకరం అన్నట్లుగా ఆ పట్టిక చెబుతుంది. ఫ్లోరైడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్‌కు 0.01 మిల్లీగ్రాము. మీటరు 400 చూపిన నీటిలో ఫ్లోరైడు 4 మిల్లీగ్రాములు ఉన్నా, మొత్తంలో అది నూటికి ఒక వంతే; అది అంకెలో విడిగా కనిపించే అవకాశమే లేదు. పైగా కాల్షియం తక్కువగా ఉండి నాలుకకు కమ్మగా తోచే నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా నిలవడం కద్దు. ఏళ్ల తరబడి అలాంటి నీరు తాగితే పళ్లు గారపట్టడంతో ఆగదు, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఇక సూక్ష్మజీవుల ఊసే ఈ మీటరుకు పట్టదు. క్లోరిన్ ద్రావణం కలిపి క్రిములను చంపితే అంకె ఒకింత పెరుగుతుంది. పట్టికను నమ్మితే శుభ్రపరిచిన నీరే చెడ్డదవుతుంది!

సరఫరా ఆగి ఆగి వచ్చే చోట ఈ లోపం మరింత ముఖ్యం. గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు పగుళ్ల గుండా చుట్టుపక్కల మురుగు లోపలికి చేరుతుంది, మీటరు దాన్ని దాదాపు గుర్తించదు. అందుకు హెచ్2ఎస్ (క్రిములు విడుదల చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పసిగట్టే) సీసా పరీక్ష మేలు: నీరు నింపి వెచ్చని చోట ఉంచితే, మలకాలుష్యం ఉన్నప్పుడు సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో నల్లబడుతుంది.

ఒకే బోరు నీటిని క్రమం తప్పకుండా కొలిచి రాసుకునేవారికి మీటరు బాగా ఉపకరిస్తుంది. నీటిమట్టం పడిపోయే కొద్దీ అంకె పెరుగుతూ పోతే, ఉప్పు పొరల నీరు చేరుతోందేమోనని ప్రయోగశాల పరీక్షకు ముందుగానే పంపవచ్చు. ఫ్లోరైడు, నైట్రేటు, ఆర్సెనిక్ పరీక్షలు అంకె ఎంత ఉన్నా చేయించవలసినవే, పాలసీసా తాగే పసిపిల్లలున్న ఇంట్లో నైట్రేటు పరీక్ష మరీ ముఖ్యం. తయారీదారులు ఆ రంగుల పట్టిక తీసేసి, మీటరును సరిచూసుకునే ఉప్పు ద్రావణం పొట్లం ఒకటి పెట్టెలో వేస్తే నా రేటింగులో ఇంకో నక్షత్రం పెంచుతాను.