మూడు కిలోవాట్ల సోలార్, ఒక బ్యాటరీ: ఏడాది వాడాక నికర శక్తి లెక్క

పైకప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, ఐదు యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, రెంటినీ కలిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకుని ఏడాది దాటింది. బిల్లు ఎంత తగ్గిందో అందరూ రాస్తూనే ఉన్నారు కనుక నేను వేరే లెక్క చూస్తాను: ఈ సరంజామా తయారీకి పట్టిన శక్తి పోగా నికరంగా మిగిలేదెంత, బొగ్గూ డీజిలూ చేస్తున్న పనిని ఇది ఎంతవరకు అందుకోగలదు?

ప్యానెళ్లకు నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. ఎండ బాగా కాసే చోట అవి తమ తయారీకి పట్టిన శక్తిని ఒకటి రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తాయి. పనితీరు వారంటీయే 25 ఏళ్లు ఉంటుంది కాబట్టి పెట్టిన శక్తికి పది రెట్లకు పైగానే చేతికొస్తుంది. మబ్బు లేని రోజున మాకు 12 యూనిట్ల దాకా వస్తోంది. అయితే ప్యానెల్ మీద రాసిన సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచినది. ఎండాకాలం మధ్యాహ్నం, గాజు మీద చెయ్యి ఆనించలేనంత వేడిలో, 2.4 కిలోవాట్లు దాటడం నేను చూడలేదు. ప్యానెళ్ల కింద గాలి ఆడే జాగా వదలమని బిగించేవారిని పట్టుబట్టి అడగాలి.

చిక్కంతా బ్యాటరీ దగ్గర ఉంది. సుమారు యాభై కిలోల ఆ పెట్టెలో దాచుకునే కరెంటును చిన్న జనరేటర్ సుమారు రెండు లీటర్ల డీజిల్‌తో తీసేస్తుంది. పైగా బ్యాటరీ శక్తిని పుట్టించదు, నింపి తీసేసరికి పదో వంతు పోగొడుతుంది, ప్యానెళ్ల కంటే ముందే మార్చాల్సి వస్తుంది. వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు రోజుకు మూడు యూనిట్లు కూడా రాలేదు. మా వాడకం పది. ఆ మూడు రోజులు గ్రిడ్ లేకుండా గడవాలంటే ఇలాంటి బ్యాటరీలు ఐదు కావాలి, అందులో నాలుగు ఏడాదిలో అత్యధిక రోజులు ఊరికే కూర్చుంటాయి. వాటి తయారీకి ఖర్చయిన శక్తి మాత్రం ఖర్చయినట్టే. ఒక ఇంటి సంగతే ఇలా ఉంటే, దేశాలకు దేశాలు మబ్బు కాలాన్ని నిల్వ కరెంటుతోనే దాటడం ఎంత భారమో ఊహించవచ్చు.

మాకు అమ్మినవారి కరపత్రంలో "శిలాజ ఇంధనాలకు సెలవు" అని ఉంది. ఆ మాట నన్ను బాధించింది, ఎందుకంటే ప్యానెల్‌లోని సిలికాన్ కోసం క్వార్ట్జ్ రాయిని బొగ్గుతో కలిపి సుమారు 2,000 డిగ్రీల కొలిమిలో కరిగిస్తారు. ప్యానెళ్లను పైకప్పు మీద పట్టి ఉంచే ఉక్కు చట్రం కూడా చాలావరకు కోక్ బొగ్గు చలవే. ప్రపంచం వాడే తుది శక్తిలో, అంటే ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ వాహనాలకూ చివరికి చేరే శక్తిలో, కరెంటు వాటా ఐదో వంతు మాత్రమే, మిగతాది ఎక్కువగా ఇంధనాలను నేరుగా కాల్చగా వచ్చేదే. అయితే ఇంజన్లు ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా వేడిగా వదిలేస్తాయి, మోటార్లు అలా వదలవు, కాబట్టి పాత ఇంధనాల శక్తినంతా యూనిట్‌కు యూనిట్ భర్తీ చేయనక్కర లేదన్నదీ నిజమే.

ప్యానెళ్లు తప్పక కొనదగినవి. రెండో బ్యాటరీ మాత్రం నేను తీసుకోలేదు. నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ పెట్టె పదకొండు నుంచి రెండు లోపు నడుపుతున్నాం, ఉన్న ఒక్క బ్యాటరీ రాత్రి ఫ్యాన్లకూ లైట్లకూ సరిపోతోంది.