కోల్ష్, ఆల్ట్: పని మీద రైన్ తీరానికి వెళ్లినవారికి ఏది మేలు?

పశ్చిమ జర్మనీలో రైన్ నది మీద దాదాపు 40 కిలోమీటర్ల ఎడంలో ఉన్న కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్ నగరాలకు మనవారు చాలావరకు వ్యాపార ప్రదర్శనల కోసమే వెళ్తుంటారు. వైద్య పరికరాల వారిని నవంబరులో జరిగే మెడికా, ప్లాస్టిక్ పరిశ్రమ వారిని మూడేళ్లకోసారి జరిగే ‘కె’ ప్రదర్శన డ్యూసెల్‌డార్ఫ్‌కు రప్పిస్తాయి. ఆహార పదార్థాల ఎగుమతిదారులు బేసి సంవత్సరాల్లో జరిగే అనూగా కోసం కొలోన్‌కు వెళ్తారు. పగలంతా స్టాళ్ల మధ్య గడిచిపోయాక స్థానికంగా కాచిన బీరు రుచి చూడటానికి మిగిలేది ఏదో ఒక సాయంత్రం మాత్రమే. హోటల్ బార్‌లో కూర్చుంటే ఏ ఊళ్లోనైనా దొరికే సీసాలే ఎదురవుతాయి కనుక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. తేల్చుకోవలసింది కొలోన్ కోల్ష్‌కూ, డ్యూసెల్‌డార్ఫ్ ఆల్ట్‌కూ మధ్యనే.

ఈ రెండు ఊళ్ల వారికీ ఒకరి బీరంటే ఒకరికి గిట్టదు గానీ, తయారీలో రెండూ దగ్గరి చుట్టాలే. లాగర్ బీర్లను చల్లటి వాతావరణంలో, అడుగుకు చేరే ఈస్ట్‌తో పులియబెడతారు. కోల్ష్‌నూ ఆల్ట్‌నూ ఏల్ బీర్ల మాదిరిగా కాస్త వెచ్చగా, పైకి తేలే ఈస్ట్‌తో పులియబెట్టి, ఆ తర్వాత లాగర్ లాగా కొన్ని వారాల పాటు చల్లగా నిల్వ ఉంచుతారు. అందువల్ల రెండింటిలోనూ ఏల్‌కు సహజమైన పళ్ల వాసన లీలగా ఉంటుంది, లాగర్‌లోని తేట రుచీ ఉంటుంది. తేడా అంతా మాల్ట్‌లోనూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్‌లోనూ (బీరుకు చేదునిచ్చే పూలు) ఉంది. లేత మాల్ట్‌తో చేసే కోల్ష్ గడ్డి రంగులో, తేలికగా, చేదు పెద్దగా తెలియకుండా ఉంటుంది. ముదురుగా వేయించిన మాల్ట్ కలిసే ఆల్ట్ రాగి రంగులో, రొట్టె పైపొర వంటి వాసనతో, నాలుక మీద కొంతసేపు నిలిచే చేదుతో ఉంటుంది. రెండింటిలోనూ ఆల్కహాల్ 5 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక, మన దగ్గర స్ట్రాంగ్ బీరుకు అలవాటుపడినవారికి మొదటి గ్లాసు చప్పగా అనిపించవచ్చు. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల గోధుమ బీర్లు నచ్చినవారికి కోల్ష్ వెంటనే రుచిస్తుంది. ఆల్ట్‌కు రెండో గ్లాసు దాకా గడువివ్వాలి.

సౌకర్యంలో కొలోన్‌దే పైచేయి. ప్రదర్శన ప్రాంగణం పక్కనే ఉన్న మెస్సె డాయిట్స్ స్టేషన్ నుంచి నది దాటితే ప్రధాన స్టేషన్, దాని ముందే చర్చి, చర్చి నీడలోనే ఫ్రూ అనే పేరున్న బీరుశాల. అక్కడ 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసుల్లో పోస్తారు. గ్లాసు ఖాళీ అయిన వెంటనే, కొబెస్ అని పిలిచే వడ్డనదారు అడగకుండానే మరొకటి తెచ్చిపెట్టి, గ్లాసు కింది అట్ట మీద ఒక గీత గీస్తాడు. చాలనుకున్నప్పుడు ఆ అట్టను గ్లాసు మీద మూతగా పెట్టాలి. కొబెస్‌లు మర్యాద కంటే వెటకారం ఎక్కువగా మాట్లాడతారని పేరు, దాన్ని మనసుకు పట్టించుకోకూడదు. అయితే కోల్ష్ అనే పేరుకు ఉన్న రక్షణే దాని వైవిధ్యాన్ని కొంత తగ్గించిందని నా అభిప్రాయం. 1986 నాటి ఒప్పందం ప్రకారం కొలోన్‌లోనూ దాని పరిసరాల్లోనూ తయారైన, లేత రంగులో ఉండే, వడకట్టి తేటగా తీసిన బీరునే కోల్ష్ అనాలి; 1990లలో యూరోపియన్ యూనియన్ గుర్తింపు కూడా దీనికి తోడైంది. నకిలీలను ఇది అడ్డుకుంది, సరే. కానీ వరుసగా నాలుగు కంపెనీల కోల్ష్ తాగిన కొత్తవారు వాటి మధ్య తేడా పట్టుకోవడం కష్టం. పైగా ఫ్రూ వంటి పెద్ద పేర్ల తయారీ నగర కేంద్రం నుంచి శివారుకు ఎప్పుడో తరలిపోయింది. కొలోన్‌లో ఒక్కచోటికే వెళ్లగలిగితే 1883 నుంచి నడుస్తున్న, పీపాల నుంచి పోసే ఫ్రీజెన్ వీధిలోని పెఫ్గెన్‌కు వెళ్లడం మంచిది.

డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రదర్శన ప్రాంగణం ఊరికి ఉత్తరాన విసిరేసినట్టు ఉంటుంది. అయినా యు78 రైలు ఎక్కి హైన్రిష్ హైనె ఆలేలో దిగితే పాతబస్తీ మొదలవుతుంది, అక్కడి నుంచి అంతా నడకే. 1862లో మొదలైన ఊరిగె, బోల్కర్ వీధిలోని ష్లూసెల్, రాటింగర్ వీధిలోని ఫ్యుక్షెన్, 2010లో వచ్చిన క్యుర్జర్ అనే బీరుశాలలు ఒకదాని నుంచి ఒకటి కొద్ది నిమిషాల దూరంలో ఉంటాయి. పేరు ఒకటే అయినా రుచి ఒకటి కాదు: ఊరిగె ఆల్ట్ చేదుకు పెట్టింది పేరు, ష్లూసెల్ దానికంటే మెత్తన. కాచిన ఇంట్లోనే తాగడం, ఒకే రకం బీరును ఇద్దరు ముగ్గురు తయారీదారుల చేతిలో పోల్చి చూడటం, ఈ రెండూ ఒకే సాయంత్రంలో సాధ్యమయ్యేది ఇక్కడే. జనవరి, అక్టోబరు నెలల మూడో మంగళవారం నాడు ఊరిగెలో స్టికె అనే మరింత గాఢమైన ఆల్ట్ పోస్తారు; ప్రయాణం ఆ తేదీలతో కలిస్తే ఇక వేరే ఆలోచన అక్కరలేదు.

కాబట్టి ఒక్క సాయంత్రమే ఉన్నవారికి, బస కొలోన్‌లో ఉన్నా సరే, అరగంట రైలు ప్రయాణం చేసి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లమనే చెబుతాను. చేదు అసలు పడనివారూ, పై అధికారితోనో కొనుగోలుదారుతోనో కలిసి కూర్చుని భోజనం చేయవలసినవారూ కొలోన్‌లోనే ఆగడం మేలు. అక్కడి పొడవాటి బల్లలు సంభాషణకు అనువుగా ఉంటాయి, ఊరిగె ముందు జనం చాలామంది నిలబడే తాగుతారు. తిండి విషయంలో శాకాహారులకు కూడా కొలోనే నయం: రై రొట్టె, గౌడా చీజ్, ఆవముద్ద కలిసిన హాల్వె హాన్ దాదాపు ప్రతి బీరుశాలలోనూ ఉంటుంది. రెండు ఊళ్లలోనూ రొట్టె మీద గులాబీ రంగులో పరిచి ఇచ్చే మెట్ పచ్చి పందిమాంసపు ఖీమా అన్న సంగతి తెలిసి ఆర్డరు చేయాలి.

కోల్ష్, ఆల్ట్ రెండూ కాక కొత్త తరహా బీరు కావాలనుకునేవారికి కొలోన్‌లోని ఏరెన్‌ఫెల్డ్ పేటలో 2001లో మొదలైన బ్రౌస్టెల్లె అనే బీరుశాల ఉంది. చిన్నది, ప్రయోగాలు ఎక్కువ, రుచుల నిలకడకు హామీ లేదు. రెండో సాయంత్రం చేతిలో ఉంటే తప్ప అక్కడికి పరుగెత్తనక్కరలేదు.

ఇంటికి తీసుకువెళ్లడానికైతే ఊరిగె సీసాలు బాగుంటాయి, ఆల్ట్‌లోని చేదు ప్రయాణాన్ని కోల్ష్ సున్నితత్వం కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. వాటిని చెక్-ఇన్ సామానులోనే, బట్టల మధ్య చుట్టి పెట్టాలి. భారత కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించేది మద్యం అంతా కలిపి మనిషికి 2 లీటర్లే కనుక, విమానాశ్రయంలో విస్కీ కొనే ఉద్దేశం ఉన్నవారు ఆ లెక్క ముందే వేసుకోవాలి.