బోస్టన్ మ్యూజియంలో పూల కోసం అమ్మతో మూడు రోజులు

ఏప్రిల్ చివర్లో అమ్మని తీసుకుని బోస్టన్ వెళ్ళొచ్చాను. అక్కడ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో వసంతంలో ఒక వీకెండ్ ఆర్ట్ ఇన్ బ్లూమ్ అని పెడతారు, 1976లో మొదలైంది. గార్డెన్ క్లబ్‌ల వాళ్ళు, ఫ్లోరిస్టులు గ్యాలరీలో ఒక పెయింటింగో శిల్పమో తీసుకుని, అది చూస్తే వాళ్ళకి ఏం తోచిందో దాన్ని పూలతో కట్టి పక్కనే స్టాండ్ మీద పెడతారు. మ్యూజియం టికెట్ ఉంటే చాలు, దీనికి వేరే టికెట్ అక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళు శుక్రవారం పొద్దున తలుపులు తీసే టైమ్‌కే అక్కడుండండి. శనివారం మధ్యాహ్నం ఎంత జనం అంటే ఒక్కో పూలకుండీ ముందు మూడు వరసలు, పైగా తులిప్‌లు కోశాక కూడా నీళ్ళలో పెరుగుతూనే ఉంటాయి కదా, శుక్రవారం నిటారుగా చూసినవి మర్నాటికి వెలుతురు వైపు తిరిగి వంగిపోయి అసలు ఆకారమే మారిపోయింది.

నాకు బాగా నచ్చింది అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ 1882లో వేసిన, బోయిట్ అనే ఆయన కూతుళ్ళ పెయింటింగ్ దగ్గర పెట్టింది. పెద్ద కాన్వాస్, నలుగురు ఆడపిల్లలు, చిన్నది కింద బొమ్మతో కూర్చుని ఉంటుంది, పెద్దవాళ్ళిద్దరూ వెనక చీకట్లో. పెయింటింగ్‌లో కనిపించే మనిషెత్తు జపాన్ కూజాలు నిజంగానే దానికి అటూ ఇటూ నిలబెట్టి ఉంటాయి, వాటి లోపల ఒక టెన్నిస్ బంతి, కాగితం విమానం, గులాబీ రంగు రిబ్బన్ దొరికాయట, ఆ ఇంటి పిల్లల ఆటలు కాబోలు. పూలు పెట్టినావిడ పియోనీలని ముద్దగా విచ్చే పెద్ద పూలు, తెల్లవి నాలుగే నాలుగు వాడింది. రెండు బాగా విచ్చినవి ముందు, రెండు మొగ్గలు నల్లటి ఆకుల వెనక సగం దాగి, మధ్యలో మొత్తం ఖాళీ. అమ్మ చిన్నప్పట్నుంచీ పూలు కట్టిన చెయ్యి, చుట్టూ తిరిగి కాడలు ఎక్కడ గుచ్చారో వంగి చూసి "ఇంత ఖాళీ వదలాలంటే ఎంత ధైర్యం కావాలే" అంది.

అన్నీ అలా లేవు. ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ 1883లో వేసిన, ఒక జంట డాన్స్ చేస్తున్న 'డాన్స్ ఎట్ బూజివాల్' పెయింటింగ్ దగ్గర ఎర్ర టోపీకి ఎర్ర గులాబీలు, తెల్ల గౌనుకి తెల్ల పూలు పెట్టేశారు, రంగు కలిసింది గానీ ఆ అమ్మాయి గిర్రున తిరుగుతున్న ఊపు మాత్రం ఎక్కడా లేదు. ఇండియా గ్యాలరీలో సాంచి నుంచి వచ్చిన యక్షి శిల్పం మొండెం ఉంది, భారతీయ కళ మీద ఎన్నో పుస్తకాలు రాసిన ఆనంద కుమారస్వామి 1917 నుంచి చనిపోయేదాకా పనిచేసిన మ్యూజియం ఇది, అక్కడ ఒక్క పూలగుత్తి కూడా లేకపోవడం నాకు బాధేసింది. చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడే యక్షికి కాకపోతే పూలు ఇంకెవరికి పెట్టాలి!

సర్వీస్ విషయానికొస్తే వాలంటీర్లు బంగారం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, లోపలికి వెళ్ళగానే వీల్‌చైర్ ఉచితంగా ఇచ్చారు, లిఫ్ట్ ఎక్కడో ఒకావిడ దగ్గరుండి చూపించింది.

హోటల్ విషయంలోనే దెబ్బతిన్నాం. డౌన్‌టౌన్‌లో బుక్ చేసుకున్న దాంట్లో లిఫ్ట్ పాడై ఉంది, అమ్మ మూడంతస్తులు మెట్లెక్కింది, రిసెప్షన్‌లో అడిగితే రేపు బాగవుతుందన్నారు, తెల్లారినా అంతే. డబ్బులు పోతే పోయాయని ఖాళీ చేసి మ్యూజియానికి నడిచే దూరంలో చిన్న గెస్ట్ హౌస్‌లో కింది గది తీసుకున్నాం, చాలా శుభ్రంగా ఉంది, ముందే ఆ పని చెయ్యాల్సింది. ఊళ్ళో తిరిగే మెట్రోలో గ్రీన్ లైన్ 'E' ట్రైన్ మ్యూజియం పక్కనే ఆగుతుంది గానీ కొన్ని బోగీలకి మెట్లుంటాయి, పెద్దవాళ్ళతో అయితే ఆరెంజ్ లైన్‌లో వెళ్ళి రగుల్స్ స్టేషన్‌లో దిగి నెమ్మదిగా నడవడం మేలు.

దగ్గర్లోనే 1903లో తెరిచిన ఇజబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం కూడా చూడండి. లోపలి తోటలోకి పై కిటికీల నుంచి నారింజ రంగు పూల నాస్టర్షియం తీగలు వేలాడదీస్తారు, అవి కొన్ని వారాలే, మేం వెళ్ళేసరికి దించేశారు. వాటికోసమైతే ఏప్రిల్ మొదట్లో వెళ్ళాలి.

ఆదివారం సాయంత్రం మూసేముందు అమ్మ మళ్ళీ ఆ నాలుగు పూల దగ్గరికే తీసుకెళ్ళమంది. ముందున్న రెండూ అంచుల్లో గోధుమరంగుకి తిరిగాయి, ఒక రెక్క స్టాండ్ మీద రాలి ఉంది. ఆకుల వెనక మొగ్గలు రెండూ విచ్చుకుని బయటికొచ్చాయి.